మూడో ఇంటి మనిషి

మొదటి చుక్క జగ్గమ్మ మోకాలి మీద పడింది. రెండోది నీలవేణి ముక్కు మీద పడింది. మూడోది ఎక్కడ పడుతుందా అని ఇద్దరూ తలలెత్తి చూస్తుండగానే, అది తిన్నగా వచ్చి అరటి దొప్పలోని పత్తి ఏకుల మీద పడింది.

"ఓలమ్మో, నా ఏకులు!" అంటూ జగ్గమ్మ రాట్నం పక్కకి తోసి, దొప్ప అందుకోబోయింది. అప్పటికే పైనుంచి చుక్కలు గబగబా రాలుతున్నాయి. నీలవేణి గబుక్కున లేచి ఒక చెంబు తెచ్చి పెట్టింది. కానీ ఏం లాభం? మల్లెపువ్వుల్లాంటి ఏకులు తడిసి ముద్దైపోయాయి.

బయట జోరున వాన. ఆ ఏడాది అదే మొదటి పెద్ద వాన.

ఆ రోజు శనివారం. ఒంటిపూట బడి. నీలవేణి అయిదో తరగతి చదువుతోంది. అన్నం తినగానే పక్కింటి జగ్గమ్మత్త దగ్గరికి వచ్చేయడం దానికి అలవాటు. జగ్గమ్మ పుట్టిల్లు పొందూరు. మిల్లులో పనిచేసే మొగుడు చనిపోయాక, చిన్నప్పుడు నేర్చుకున్న వడుకు పనే ఆమెకు ఆధారమైంది. కొండపత్తి తెచ్చుకుని, గింజ తీసే ముందు దాన్ని వాలుగ చేప దవడతో దువ్వేది. ఆ దవడకి చిన్న చిన్న పళ్ళు. దువ్వెన కన్నా సన్నం. అది చూసినప్పుడల్లా నీలవేణికి ఏదో ఒక సందేహం వచ్చేది.

"అత్తా, ఈ సేపకి ఎన్ని పళ్ళుంటాయి?"

"నాను లెక్కెట్టనేదే."

"ఊడిపోతే మళ్ళీ మొలుస్తాయా?"

"ఆ సేపనే అడగాల."

అలా కబుర్లు చెప్పుకుంటూ ఉండగానే ఈ చుక్కలు పడ్డాయి.

జగ్గమ్మ తడిసిన ఏకుల్ని వేళ్ళతో మెల్లగా విడదీసి చూసింది. "వారం రోజుల పని," అంది. కళ్ళు తుడుచుకుంది.

నీలవేణి పైకి చూసింది. పెంకుల కింద, గోడకి దగ్గరగా ఉన్న వాసం కొస నుంచి చుక్క వెనక చుక్క జారుతోంది.

"పోయిన నెలే కదత్తా నువ్వు పెంకులు నేయించావు?"

"నేయించినాను. ఒక్క పెంకు పగిలింది లేదు. కాలవ కూడా నానే ఊడ్సినాను."

"మరి ఈ నీళ్ళు ఎక్కడినించి వస్తన్నాయి?"

"అదే నాకూ తెలీడంనేదు," అంది జగ్గమ్మ.

నెల్లిమర్లలో ఆ ఆరిళ్ళ వరసని జూట్ మిల్లు కూలీలే పదిహేనేళ్ళ కిందట కలిసి కట్టుకున్నారు. ఎవరిల్లు వాళ్ళ సొంతం. కానీ ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ముందు అరుగు ఒక్కటే. కప్పు కూడా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే. ముందు గదుల పెంకులూ, వెనక వంటిళ్ళ పెంకులూ వాలి కలిసేచోట, పొడవాటి రేకు కాలవ ఒకటి ఉంది. కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ అందులోకి దిగి, ఒకటో ఇంటి నుంచి ఆరో ఇంటి వైపు పారి, చివర వీధి కాలవలోకి దూకేవి.

వెనక వీధిలో పెద్ద బాదం చెట్టు ఉంది. విస్తరాకంత ఆకులు రాలి రేకు కాలవలో పడేవి. అందుకని ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందోసారి, దసరాకి ముందోసారి, వరసంతా కాలవ ఊడ్చేవారు. ఇంటికో మనిషి రావాలి. తమ ఇంటి మీది భాగం తామే ఊడ్చాలి. ఈ పనికి పెద్ద దిక్కు ఒకటో ఇంటి కూర్మయ్య తాత. ఆయన మిల్లులో మేస్త్రీగా చేసి మానేశాడు.

మొన్న వేసవిలో ఊడ్చిన రోజు నీలవేణి తండ్రి అప్పలసూరికి పగటి షిఫ్టు పడింది. తల్లి లక్ష్మణమ్మ పుట్టింటికి వెళ్ళింది. "మూడో ఇంటి మనిషేడీ?" అని కూర్మయ్య తాత అడిగితే, "నానున్నాను!" అంటూ నీలవేణి చీపురు పట్టుకుని ముందుకొచ్చింది. అందరూ నవ్వారు. కూర్మయ్య తాత నవ్వలేదు. "సరే, రా" అని నిచ్చెన చూపించాడు. పెద్దవాళ్ళతో సమానంగా నిలబడ్డానని నీలవేణి బడి తెరిచాక వారం రోజులు అందరికీ చెప్పుకుంది.

మర్నాడు ఆదివారం. వాన వెలిసింది. వరసలో వాళ్ళందరూ అరుగు మీద చేరారు. జగ్గమ్మ తడిసిన ఏకుల దొప్ప తెచ్చి మధ్యలో పెట్టింది.

"మీ ఇంటి మీద పెంకు జరిగిందేమో సూసుకో," అన్నాడు రెండో ఇంటి గంగులు.

"పొద్దున్నే మనిషిని ఎక్కించి సూపించినాను. జరగనేదు."

"అయితే ఎలకలు తోడేసుంటాయి."

"ఎలకలు రేకుని తోడతాయేటి?" అంది జగ్గమ్మ.

అప్పలసూరి బీడీ ఆర్పి, "ఎవరింట్లో కారితే వాళ్ళే సూసుకోవాలప్పా," అన్నాడు. "మా ఇంటి మీద సుక్క దిగనేదు. మొన్న మా గుంట నీలవేణి ఆకన్నది లేకుండా ఊడ్సినాది. తాతనడుగు."

కూర్మయ్య తాత తల ఊపాడు.

తండ్రి అందరి ముందూ అలా మెచ్చుకుంటే నీలవేణికి గర్వమనిపించింది. అయినా దాని బుర్రలో ఒక్క ప్రశ్నే తిరుగుతోంది. పెంకులు బాగున్నాయి. కాలవ బాగుంది. మరి నీళ్ళు ఏ దారిన వచ్చాయి? నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. ఇవి ఎవరింటి మీది నీళ్ళో తెలిసేదెలా?

అది మెల్లగా ఇంట్లోకి వెళ్ళింది. పెరట్లో లక్ష్మణమ్మ తెల్లబట్టలు ఉతికి, బకెట్లో నీలిమందు కలుపుతోంది. చిటికెడు పొడి వేయగానే నీళ్ళలో నీలం తీగలు తీగలుగా పాకింది. తీగలు ఎటు పోతే నీళ్ళు అటు పోతున్నట్టే.

నీలవేణి కాసేపు కన్నార్పకుండా చూసింది. తర్వాత నీలిమందు పొట్లం అందుకుని ఒక్క పరుగు తీసింది.

"ఒలే! ఎక్కడికే ఆ పొట్లం?" తల్లి వెనక నుంచి అరిచింది.

"నీళ్ళ దారి కనుక్కోడానికే!"

అరుగు మీద అందరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నీలవేణి మధ్యలోకి దూరింది.

"కూర్మయ్య తాతా! కాలవలో నీలం నీళ్ళు పోద్దాం. ఒక్కో ఇంటి మీద ఒక్కోసారి. జగ్గమ్మత్త ఇంట్లో నీలం సుక్క ఎప్పుడు పడితే, ఆ ఇంటి మీదినించే కారతన్నట్టు. అవునా కాదా?"

అరుగు మీద అందరూ దాని వైపు తిరిగారు.

"ఏటి, మళ్ళీ సెప్పు," అన్నాడు కూర్మయ్య తాత. నీలవేణి మళ్ళీ చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టనేదు సూడు. అప్పలసూరీ, నిచ్చెన తే!"

ఇక వరసంతా తిరునాళ్ళలా అయింది. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు మోశారు. గంగులు నీలం కలిపాడు, చేతులు రెండూ నీలమైపోయాయి. అప్పలసూరి నిచ్చెనెక్కి నిలబడ్డాడు. నీలవేణి జగ్గమ్మ ఇంట్లో చుక్కలు పడ్డ చోటే తెల్లటి పాత పంచె పరిచి, దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ముందు నాలుగో ఇల్లు, అంటే జగ్గమ్మ ఇంటి మీది కాలవలోనే పోశారు. ఒక బిందె. రెండు బిందెలు. నీలవేణి ఊపిరి బిగబట్టి పంచె వైపు చూసింది. ఏమీ పడలేదు. ఇంతలో వీధి చివర నుంచి పిల్లల కేకలు. ఆరో ఇంటి పక్కన వీధి కాలవలోకి నీలం నీళ్ళు ధారగా దూకుతున్నాయి.

"జగ్గమ్మ కాలవ సుబ్బరంగా ఉన్నాది," అన్నాడు కూర్మయ్య తాత. "మూడో ఇంటికి జరపండి."

"మా ఇంటి మీద పోస్తే ఏటొస్తాది? ఏటీ రాదు," అంటూ అప్పలసూరి నిచ్చెన జరిపి, తన ఇంటి మీది కాలవలో బిందె వంచాడు.

నీలవేణి చూస్తోంది. ఒక బిందె పోశారు. రెండో బిందె పోశారు. నాలుగో బిందె చప్పుడు కూడా వినిపించింది.

టప్.

పంచె మీద ఒక చుక్క పడింది. మినపగింజంత. నీలం రంగు.

దాని పక్కనే ఇంకోటి పడింది. ఆ పక్కన మరోటి.

"దొరికింది!" అని అరవబోయిన నీలవేణి నోరు అలాగే ఉండిపోయింది. మూడో ఇల్లంటే వాళ్ళ ఇల్లే. అది ఊడ్చింది తనే.

అప్పుడు దానికి ఆ వేసవి రోజు గుర్తొచ్చింది. ఆకులు ఎక్కువ, బుట్ట చిన్నది. ఒక్కో బుట్ట నింపుకుని నిచ్చెన దిగి, వెనక గుంటలో పోసి, మళ్ళీ ఎక్కాలి. మూడుసార్లు దిగి ఎక్కింది. కాళ్ళు నొప్పెట్టాయి. నాలుగోసారి ఎక్కేసరికి వీధిలోంచి గారడీవాడి డప్పు వినిపించింది. ఇంకా సగం ఆకులు అలాగే ఉన్నాయి. తమ ఇంటికీ జగ్గమ్మత్త ఇంటికీ మధ్య, గోడ మీద కాలవకి అడ్డంగా ఒక తాటి దూలం ఉంది. దాని కింద నుంచే కాలవ దూరి వెళుతుంది. నీలవేణి చీపురుతో ఆ ఆకులన్నీ దూలం కిందికి తోసేసింది. పైనుంచి చూస్తే ఒక్కటి కూడా కనిపించలేదు. వానొస్తే అవే కొట్టుకుపోతాయిలే అనుకుంది. "అయిపోనాది తాతా!" అని కేకేసి గారడీ చూడ్డానికి పరిగెత్తింది.

అబద్ధం చెప్పానని అప్పుడు అనిపించలేదు. తర్వాత ఆ సంగతే మరిచిపోయింది.

"ఏటే, పడిందా?" బయట నుంచి కూర్మయ్య తాత అడిగాడు.

నీలవేణి పంచెనే చూస్తూ కూర్చుంది. జగ్గమ్మే జవాబిచ్చింది. "పడింది తాతా. నీలం సుక్కే."

అందరూ లోపలికొచ్చి పంచె చూశారు. నిచ్చెన మీద నుంచి అప్పలసూరి అరిచాడు. "ఇక్కడ నీళ్ళు కదలడం నేదు! పాత రేకు కదా, కుంగిపోనాది. అందుకే పొంగి, గోడ మీంచి అవతలకి జారతన్నాయి. ఇందులో ఎవరి తప్పూ నేదు."

"కుంగితే కొత్త రేకు ఏయించాల," అన్నాడు గంగులు. "కారేది జగ్గమ్మ ఇంట్లో కాబట్టి జగ్గమ్మే ఏయించుకోవాల."

ఒకరిద్దరు అవునన్నారు. జగ్గమ్మ గోడకి చేరగిలి నిలబడి ఉంది. "అలాగే," అంది నెమ్మదిగా.

నీలవేణి ఆమె ముఖం చూసింది. జగ్గమ్మత్త తన భాగం మొత్తం ఒక్కతే ఊడ్చుకుంది. ఆ రోజు ఎన్ని బుట్టలు దింపిందో. ఇప్పుడు నీలవేణి తోసిన ఆకుల కోసం ఆమె రేకు వేయించాలా?

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. దూలం కింద ఏముందో ఎవరికీ కనిపించదు. చెబితే నాన్న ముఖం ఏమవుతుంది? ఇంతమంది ముందు అంత గొప్పగా చెప్పాడు కదా.

అది పంచె పక్కనుంచి లేచి నిలబడింది.

"రేకు కుంగనేదు."

అందరూ తిరిగి చూశారు.

"ఆకులున్నాయి. దూలం కింద. నానే తోసేసినాను. బుట్టలు దింపనేక. గారడీ సూడ్డానికెల్లాలని అయిపోనాదని సెప్పేసినాను."

నీలవేణి ఇంకెవరి వైపూ చూడకుండా బయటికి నడిచి, నిచ్చెన దగ్గరికి వెళ్ళింది. అప్పలసూరి కిందికి దిగి పక్కకి తప్పుకున్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

నీలవేణి పైకెక్కి, పెంకుల అంచున బోర్లా పడుకుని, దూలం కిందికి చెయ్యి పెట్టింది. పెద్దవాళ్ళ చెయ్యి అక్కడ దూరదు. భుజం దాకా లోపలికి పోనిచ్చింది. చల్లగా, జారుగా ఏదో తగిలింది. గట్టిగా లాగింది. నల్లగా కుళ్ళిన బాదం ఆకులు ముద్దలు ముద్దలుగా వచ్చాయి. ముక్కు బద్దలయ్యే కంపు. అయినా మళ్ళీ చెయ్యి పెట్టింది.

ఆఖరి ముద్ద వచ్చీ రాగానే దూలం కింద నుంచి గళగళమని చప్పుడైంది. నిలిచిపోయిన నీలం నీళ్ళు ఒక్కసారిగా జగ్గమ్మ ఇంటి మీదికీ, అక్కడినుంచి ముందుకీ ఉరికాయి.

నీలవేణి తన పక్కన పోగుపడ్డ ఆకుల్ని చూసింది. దింపడానికి బుట్ట కావాలి. తిరిగి చూస్తే, నిచ్చెన సగం మీద అప్పలసూరి బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇలగియ్యి," అన్నాడు.

అది ఎత్తి పోసింది. ఆయన దింపాడు. ఇద్దరూ అలా అయిదు బుట్టలు దింపారు. ఆఖరి బుట్ట గుంటలో పోసి వచ్చి, అప్పలసూరి జగ్గమ్మ ముందు నిలబడ్డాడు.

"నాను తొందరపడి నోరు పారేసుకున్నానప్పా. ఎక్కి సూసుకోకుండానే మాటాడేసినాను."

"పోనీలే అప్పలసూరీ. తెలిసింది కదా," అంది జగ్గమ్మ.

గంగులు నీలం చేతులు పంచెకి తుడుచుకుంటూ, "ఇందాక నానన్నది కూడా తప్పే," అన్నాడు. "ఒకరింటి మీద ఆగిన నీళ్ళు ఇంకొకరింట్లో దిగతన్నప్పుడు, ఎవరింట్లో కారితే వాళ్ళదేనంటే ఎలాగ?"

కూర్మయ్య తాత నీలవేణిని దగ్గరికి పిలిచాడు. అది తల దించుకుని వెళ్ళింది. మళ్ళీ తనని కాలవ పనికి రానివ్వడేమో!

"నీలం కలపడం ఎలా తట్టింది నీకు?" అని అడిగాడు ఆయన.

"అమ్మ బకెట్లో సూసినాను."

"బాగుంది." ఆయన పైన కాలవ వైపు చూశాడు. "నిన్ను మూడో ఇంటి మనిషి అనుకున్నాను. అందుకే ఆ రోజు నాను ఎక్కి సూడనేదు."

నీలవేణికి ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రమే అది జగ్గమ్మ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఏకులు ఎండితే బాగవుతాయా అత్తా?"

"ఎండినా వడకడానికి రావు. మళ్ళీ విప్పి, దువ్వి, ఏకులు సుట్టుకోవాల."

"నాను దువ్వనా?"

జగ్గమ్మ దాని వైపు కాసేపు చూసి, పీట జరిపింది.

మర్నాటి నుంచి నీలవేణి బడి వదలగానే అక్కడికే వెళ్ళింది. చేప దవడ పట్టుకోవడమే మొదట రాలేదు. గట్టిగా లాగితే పత్తి తెగేది, మెల్లగా లాగితే కదిలేది కాదు. మొదటి రోజంతా దువ్వితే పిడికెడు కూడా కాలేదు. వేళ్ళు మంటెత్తాయి. జగ్గమ్మ నవ్వుతూ ఒక్క రోజులో చేసే పని ఎంతో దానికి అప్పుడు తెలిసింది. ఎనిమిదో రోజుకి దొప్ప నిండింది. ఆ మధ్యలో రెండుసార్లు పెద్ద వానలు కురిశాయి. ఆ గోడ పక్కన చుక్క పడలేదు.

దసరా సెలవులు ఇంకో వారంలో ఇస్తారనగా, కూర్మయ్య తాత మళ్ళీ కాలవ పనికి పిలిచాడు. అప్పలసూరికి ఆ రోజు సెలవు. చీపురు పట్టుకుని తనే బయల్దేరాడు.

"నానెల్తాను నాన్నా," అంది నీలవేణి.

అప్పలసూరి దాని ముఖంలోకి చూసి చీపురిచ్చాడు.

కూర్మయ్య తాత ఇంటింటినీ పిలిచాడు. మూడో ఇల్లు అనగానే నీలవేణి "ఉన్నాను" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది పైకెక్కి, బుట్ట తర్వాత బుట్ట నింపింది. అప్పలసూరి సాయం వస్తానన్నా వద్దంది. దూలం కిందికి చెయ్యి పెట్టి వేళ్ళతో తడిమి చూసుకుంది. ఆకుల్లేవు. కిందికి దిగి, "తాతా, ఎక్కి సూడు," అంది.

కూర్మయ్య తాత నిచ్చెనెక్కి, చూసి, దిగాడు. "బాగుంది. ఇంటికెల్లు," అన్నాడు.

ఆరో ఇంట్లో తాతమ్మ అనే ముసలావిడ ఉంటోంది. జ్వరంతో మంచం పట్టింది. ఆమె కొడుకు పని మీద పొరుగూరు వెళ్ళాడు. ఆరో ఇంటి తరఫున ఎవరూ రాలేదు, ఆ ఇంటి మీది కాలవ ఊడవకుండా మిగిలిపోయింది. అందరూ చీపుళ్ళు దులుపుకుని ఇళ్ళకి మళ్ళుతున్నారు. "రేపు సూద్దాంలే," అన్నాడు గంగులు.

నీలవేణి ఆకాశం వైపు చూసింది. తూర్పున మబ్బు కమ్ముతోంది. చేతులు నొప్పెడుతున్నాయి. వీధిలో పిల్లలు బొంగరాలాడుతూ దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు.

"వస్తన్నాను, మీరాడండి!" అని కేకేసి, అది ఖాళీ బుట్ట నెత్తిన బోర్లించుకుంది. చీపురు చంకలో పెట్టుకుంది. నిచ్చెనకి ఒక కొస పట్టుకుని ఎత్తబోయింది. బరువు. లేవలేదు.

"అత్తా, నాన్నా, ఓ సెయ్యెయ్యండి," అంది.

అప్పలసూరి ఒక పక్కా, జగ్గమ్మ ఒక పక్కా పట్టుకున్నారు. నిచ్చెన ఆరో ఇంటి వైపు కదిలింది. ముందు నీలవేణి నడుస్తోంది.